పడవలో నీడవైపు సీటు

ఇటలీ నుంచి వచ్చి చాలా రోజులైంది. కనబడ్డవాళ్ళంతా ఫోటోలు ఎప్పుడు పెడతావని అడుగుతూనే ఉన్నారు. ఫోటోలున్నాయి. కొండ అంచున గులాబీ, పసుపు, నారింజ రంగుల ఇళ్ళు, కింద నీలం నీళ్ళు, ఆ నీళ్ళలో ఊగే చిన్న పడవలు, అన్నీ బాగానే వచ్చాయి. కెమెరా పట్టుకోవడం రానివాళ్ళు తీసినా ఆ ఊళ్ళు బాగానే వస్తాయి. పెట్టకపోవడానికి కారణం వేరే ఉంది. అందుకే ఫోటోలకు బదులు ఇది రాస్తున్నాను. ఊళ్ళ మీద నాకేం కోపం లేదు. ఎవరైనా వెళ్తానంటే తప్పకుండా వెళ్ళమనే చెప్తాను. ఎందుకు రమ్మంటున్నారో మాత్రం ముందు అడిగి వెళ్ళమంటాను.

నేను అమెరికా పడమటి ఒడ్డున సన్నీవేల్‌లో ఉంటాను. శాంటా క్లారాలో ఒక కంపెనీలో టెస్టింగ్ ఇంజనీర్‌ని. మా అక్క సుజాత, బావ తూర్పు ఒడ్డున న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటారు. ఒకే దేశంలో ఉన్నామన్న పేరే గానీ మధ్యలో దేశమంతా ఉంది. నేను ఎమ్మెస్‌కి వచ్చిన దగ్గర్నుంచి లాంగ్ వీకెండ్లలో తప్ప అక్కతో గడిపింది లేదు. ఆ వీకెండ్లలోనూ అక్క వంటింట్లో, నేను వాళ్ళ పిల్లల వెనక. తెనాలిలో ఒకే మంచం మీద పడుకుని, ఇక చాలు నిద్రపొండి అని నాన్న కేకలేసేదాకా కబుర్లు చెప్పుకున్నవాళ్ళం. అమెరికా వచ్చాక ఫోన్లో 'తిన్నావా, పడుకున్నావా' దగ్గరే ఆగిపోయాం. అది నాకు లోపల్లోపల బాధగా ఉండేది.

అందుకే ఈ ఏడాది, అంటే 2013లో, అక్క ఫోన్ చేసి, "పిల్లల్ని మా అత్తగారు సమ్మర్‌కి ఇండియా తీసుకెళ్తున్నారు. ఇటలీ వెళ్దామే శైలూ. సముద్రం ఒడ్డున చిన్న చిన్న ఊళ్ళంట, ఒకదాన్నుంచి ఇంకోదానికి పడవలోనే తిరగొచ్చంట. నువ్వూ నేనూ హాయిగా కూచుని మాట్లాడుకోవచ్చు" అనగానే ఏడాది పొడుగునా దాచుకున్న లీవంతా పెట్టేశాను. ఫోన్ పెట్టేసే ముందు, "మీ బావ వాళ్ళ బాస్ ఫ్యామిలీ కూడా వస్తామంటున్నారు" అంది. వస్తే రానీ అనుకున్నాను.

ఆ బాస్ పేరు ప్రసాద్ గారు. బావ పనిచేసే కన్సల్టింగ్ కంపెనీ ఆయనదే. బావకి గ్రీన్‌కార్డ్ ఫైల్ చేసింది కూడా ఆ కంపెనీయే. గ్రీన్‌కార్డ్ చేతికొచ్చేదాకా అలాంటి మనిషి దగ్గర ఎలా ఉండాలో అమెరికాలో ఉన్న మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. ఆయన జోక్ వేయబోతున్నాడని తెలియగానే బావ నవ్వడం మొదలుపెడతాడు.

లా స్పెజియా

ఓడరేవు ఊరు. మేం తిరగాల్సిన ఊళ్ళకి పడవలు ఇక్కడి నుంచే బయల్దేరతాయి. ఒక పాత మేడలో రెండో అంతస్తు అద్దెకి తీసుకున్నాం. ప్రసాద్ అంకుల్, ఆంటీ, వాళ్ళబ్బాయి నిఖిల్ మాకంటే ముందే దిగి పెద్ద గది తీసేసుకున్నారు. నిఖిల్ ఎడిసన్‌లోనే పుట్టి పెరిగాడు. న్యూయార్క్‌లో ఏదో ఫైనాన్స్ ఉద్యోగం. మర్యాదగా హాయ్ చెప్పి మళ్ళీ ఫోన్‌లోకి వెళ్ళిపోయాడు.

ఆంటీ న్యూజెర్సీ నుంచి రైస్ కుక్కర్ మోసుకొచ్చారు. మనవాళ్ళు చంద్రమండలానికి వెళ్ళినా కుక్కర్ లేకుండా వెళ్ళరు. ప్లగ్గు పట్టదని అడాప్టర్ కూడా తెచ్చారు. ప్లగ్గయితే పట్టింది గానీ, అమెరికా కుక్కర్ ఇటలీ కరెంట్‌కి తట్టుకోదన్న సంగతి ఇంట్లో ఉన్న ముగ్గురు ఇంజనీర్లలో ఒక్కరికీ తట్టలేదు. టప్పుమని పేలి, ఇల్లంతా చీకటైపోయింది. కింద ఉండే ఇంటావిడ పరుగెత్తుకొచ్చి ఫ్యూజ్ సంగతి చూసి, మా బియ్యం వైపు జాలిగా చూసింది. పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, బియ్యం పోసి, ఉడికాక వార్చేసి చూపించింది. వాళ్ళు పాస్తా అలాగే వండుతారట. మా అమ్మమ్మ బతికినన్నాళ్ళూ అన్నం అలాగే వార్చింది. అందరం చప్పట్లు కొట్టి నేర్చుకున్నాం.

ఆ రాత్రి అక్క పక్కన పడుకోవచ్చని ఆశపడ్డాను. నాకు హాల్లో సోఫా ఇచ్చారు.

పోర్తోవెనెరె

మొదటి పడవ ప్రయాణం. రెండంతస్తుల పడవ, పైన డెక్ మీద బెంచీలు. కొండలు సముద్రంలోకి నిటారుగా దిగిపోతుంటాయి. ఇంత కూడా చదును లేని చోట ఇళ్ళు ఎలా కట్టారో, ఎందుకు కట్టారో అర్థంకాదు. పడవ మలుపు తిరిగేసరికి రాతి మొన మీద ఒక పాత చర్చి, దాని కిందనే అలలు. నేను లేచి రెయిలింగ్ దగ్గరికి వెళ్ళబోయాను.

"అటొద్దమ్మా, ఎండ మొహాన కొడుతోంది. ఇటు నీడవైపు కూర్చో" అని ఆంటీ చెయ్యి పట్టుకుని లాగారు. తన బ్యాగ్‌లోంచి వెడల్పాటి టోపీ తీసి నా తలమీద పెట్టారు. మెడ దగ్గర సన్‌స్క్రీన్ సరిగ్గా రాయలేదని తనే రాశారు. నిజం చెప్పాలి, నాకు కళ్ళు చెమర్చాయి. సన్నీవేల్ అపార్ట్‌మెంట్‌లో జ్వరమొస్తే గ్లాసుడు నీళ్ళిచ్చే దిక్కుండదు. అలాంటిది ఎవరో ఆవిడ మెడకి క్రీమ్ రాస్తుంటే అంతే అవుతుంది మరి.

"పాటలొచ్చా?" అని అడిగారు తర్వాత.

"చిన్నప్పుడు సంగీతం నేర్చుకుందండీ. పాడవే" అంది అక్క.

ఇంజన్ మోతలో పాడాను. ఎదుటి బెంచీ మీది జర్మన్ జంట చప్పట్లు కొట్టారు. ఆంటీ శ్రద్ధగా విని, ఇంకొంచెం పైస్థాయిలో ఏదైనా పాడమన్నారు. పాడాను.

ఆ ఊళ్ళో ఫోకాచ్చా అనే రొట్టె తిన్నాం. నూనె కారుతూ, ఉప్పు పలుకులు పంటికి తగులుతూ, రెండు మూడు యూరోలకే కడుపు నిండిపోతుంది. కానీ హోటల్లో కూర్చున్నామా, కూర్చున్నందుకూ రొట్టె బుట్ట పెట్టినందుకూ మనిషికింత అని బిల్లులో వేస్తారు. బావకి ఒళ్ళు మండిపోయింది. "మన ఎడిసన్ ఓక్‌ట్రీ రోడ్ హోటళ్ళలో అప్పడాలు, పచ్చళ్ళు ఫ్రీగా పెడతారు సార్" అన్నాడు. అంకుల్ నవ్వితే తనూ నవ్వాడు.

మనరోలా

ఇక్కడ పడవ దిగగానే మెట్లు. ఊరంతా మెట్లే. చేపల పడవల్ని ఇళ్ళ గుమ్మాల ముందు, మనం స్కూటర్లు పెట్టినట్టు పెట్టుకున్నారు. మెట్ల మీద కూర్చుని ఒక ముసలాయన వల బాగుచేసుకుంటూ, మాకు దారివ్వడానికి ప్రతిసారీ నవ్వుతూ కాళ్ళు ముడుచుకున్నాడు. కొండమీది ద్రాక్ష తోటల దాకా ఎక్కుదామన్నారు ఆంటీ. మోకాళ్ళ నొప్పులని పొద్దున్నే మాత్ర వేసుకున్న మనిషి!

"నువ్వు ముందు నడువమ్మా, నేను నీ వెనకాల మెల్లగా వస్తా" అన్నారు.

నేను ముందు, ఆవిడ వెనక. గాలికి జుట్టు మొహం మీద పడుతుంటే క్లిప్ తీసి మళ్ళీ పెట్టుకోబోయాను. ఆంటీ వెనకనుంచి జుట్టు చేతిలోకి తీసుకుని, "ఒత్తుగా ఉందే. ఏం నూనె రాస్తావ్?" అని మెచ్చుకున్నారు. పైనుంచి చూస్తే సముద్రం చివరిదాకా కనబడింది. అక్కని పిలిచి చూపిద్దామనుకున్నాను. అక్క కింద మలుపులో అంకుల్‌కి మంచినీళ్ళ సీసా మూత తీసి ఇస్తోంది.

మధ్యాహ్నం శనగపిండి అట్టులాంటిది తిన్నాం. ఫారినాతా అంటారు. అల్లం, పచ్చిమిర్చి వెయ్యని శనగపిండి అట్టు అనుకోండి. అలాగే పెస్టో అని ఒక పచ్చని ముద్ద. రోట్లో నూరిన కొత్తిమీర పచ్చడికి చుట్టంలా ఉంది గానీ కారం లేదు. ఆంటీ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కారప్పొడి తీసి చల్లారు. వడ్డించే కుర్రవాడు చూసి గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"రేపు పొద్దున ఉప్మా నువ్వు చెయ్యవే" అంది అక్క తిరుగు పడవలో. చేశాను. అంకుల్ రెండోసారి పెట్టించుకున్నారు. అక్క మొహం వెలిగిపోయింది. ఉప్మాకి అంత వెలగడమేమిటో నాకప్పుడు అర్థంకాలేదు.

వెర్నాజ్జా

ఇది అన్నిటికంటే అందమైన ఊరు. అలా అని అందరూ రాస్తారు, నేనూ రాస్తున్నాను. చిన్న రేవు, దాని చుట్టూ ఇళ్ళు, ఒక బురుజు. రెండేళ్ళ కిందటి వరదలో బురద మేడల దాకా వచ్చిందట. బట్టల కొట్టు ఆవిడ గోడమీద తన తలకంటే ఎత్తున ఉన్న మరకని చేత్తో తడిమి చూపించింది. సున్నం వేయించలేదేం అని సైగ చేస్తే, అక్కర్లేదన్నట్టు తలూపింది.

పెద్దవాళ్ళు చర్చిలోకి వెళ్తూ నన్నూ నిఖిల్‌నీ రేవు దగ్గరే ఉండమన్నారు. రాళ్ళగట్టు మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తింటున్నాం. అతను ఫోన్ జేబులో పెట్టుకుని గొంతు సర్దుకున్నాడు.

"సో... నువ్వు ఏం థింక్ చేస్తున్నావ్?"

"దేని గురించి?"

"దిస్. మ్యాచ్. మన గురించి."

నేను అతని మొహంలోకి చూశాను. వేళాకోళం కాదు.

"వెయిట్. నువ్వు తెలీదా?" అన్నాడు. "మీ అక్క చెప్పింది నువ్వు ఓకే అన్నావ్ అని. నీ ఫోటోస్, బయోడేటా మా మామ్ దగ్గర ఉంది, లైక్, స్ప్రింగ్ నుంచి. ఓ మై గాడ్. ఐయామ్ సో సారీ."

పాపం, అతని ఐస్‌క్రీమ్ చేతిమీదుగా కారిపోతోంది. నాది ఎప్పుడో రాళ్ళలో పడిపోయింది.

పెళ్ళిచూపులు. పాట పాడించారు. మెట్లెక్కించి నడక చూశారు. జుట్టు సొంతమో కాదో పట్టుకుని చూశారు. ఉప్మా చేయించారు. మా అమ్మమ్మ కాలంలో ఒక్క సాయంత్రంలో, చాపమీద కూర్చోబెట్టి ముగించే తతంగాన్ని నాకు మధ్యధరా సముద్రం మీద రోజుల తరబడి చేశారు. ఆ రోజుల్లో పిల్లకి కనీసం చెప్పి పట్టుచీరైనా కట్టేవాళ్ళు. నేను చెమట పట్టిన టీషర్ట్‌లో, నాకెంత ప్రేమ దొరికిందోనని మురిసిపోతూ తిరిగాను. ఆ మురిసిపోవడం తల్చుకుంటేనే ఎక్కువ మండుతుంది.

తిరుగు పడవ కోసం వరసలో నిలబడ్డప్పుడు అక్కని పక్కకి లాగాను.

"హాలిడే అన్నావు కదక్కా."

అక్క నా మొహం చూసి గ్రహించేసింది. "హాలిడేనే కదే ఇది. ఊళ్ళు చూట్టంలా? పడవలెక్కట్లా?"

"నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వచ్చేదానివా?"

"వచ్చేదాన్ని కాదు."

"అందుకే చెప్పలా." గొంతు తగ్గించింది. "అబ్బాయి మంచోడే. సిటిజన్. నీకు వీసా గోల ఉండదు. ఎడిసన్‌లో నా పక్క వీధిలో ఉంటావు. ఇందులో నీకు చెడేముందో చెప్పు."

"బావ గ్రీన్‌కార్డ్ సంగతి?"

అక్క వరసలో ముందున్న బావ వైపు చూసింది. "అదీ ఉంది. లేదనను. వాళ్ళంతట వాళ్ళు అడిగితే మీ బావ కాదని ఎట్లా అంటాడే? కంపెనీ ఆయనది. కోపమొచ్చి ఆ ఫైల్ పక్కన పడేస్తే ఇన్నేళ్ళూ పోయినట్టే గదా. ఇంకో రెండ్రోజులు ఓర్చుకో శైలూ. నాకోసం."

అక్క అంతవరకూ నన్ను ఏదీ బతిమాలి అడగలేదు. ముందే ఫోన్ చేసి, "ఇదీ మా పరిస్థితి, వచ్చి కూర్చుని వెళ్ళిపో" అని ఉంటే పట్టుచీర కట్టుకుని వచ్చి కూర్చునేదాన్ని. ఆ మాటే చెప్పాను. అక్క నమ్మలేదు. పడవ వచ్చింది, ఎక్కేశాం.

మొంతెరొస్సో

మర్నాడు పడవెక్కగానే ఆంటీ అలవాటుగా పక్కన చోటు చూపించారు. నేను "ఫర్వాలేదాంటీ" అని వెళ్ళి పడవ ముందుభాగంలో, నెత్తిన ఎండ పడే చోట కూర్చున్నాను. టోపీ అక్క చేతికిచ్చేశాను. రెయిలింగ్ అవతల ఊళ్ళు ఒకటొకటే దాటుతుంటే మొదటిసారి కళ్ళనిండా చూశాను. ఆ రెండు రోజులూ అక్కడే కూర్చున్నాను. అక్క ఒకసారి వచ్చి, "మాడిపోతావే" అని చెవిలో గొణిగింది. వినబడనట్టు ఊరుకున్నాను.

మొంతెరొస్సోలో ఇసుక తీరం ఉంది. వరసలు వరసలుగా గొడుగులు, పడక కుర్చీలు, వాటికి రోజుకింతని అద్దె. తమాషా ఏమిటంటే జనం ఆ గొడుగుల్ని అద్దెకి తీసుకుని, కుర్చీని నీడలోంచి ఎండలోకి లాక్కుని పడుకుంటారు. ఒకవైపు కాలాక రెండోవైపు తిరుగుతారు. ఒంటికి ఎండ రంగు పట్టడం కోసమట! మనవాళ్ళు రంగు తగ్గకుండా సున్నిపిండి రాసుకున్నంత శ్రద్ధగా వాళ్ళు నల్లబడతారు.

నా పక్క కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది. డెబ్బై దాటి ఉంటాయి, ఈతదుస్తుల్లో మహారాణిలా పడుకుంది. తన మోచెయ్యి తెచ్చి నా మోచేతి పక్కన పెట్టి, రెండు రంగులూ పోల్చి చూసుకుని, తను ఓడిపోయినట్టు మొహం పెట్టింది. నేను పకపకా నవ్వేశాను. వెర్నాజ్జా తర్వాత నవ్వడం అదే మొదలు. నన్ను నీళ్ళలోకి తీసుకెళ్ళి, వెల్లకిలా తేలడం నేర్పింది. నడుం కింద ఆవిడ చెయ్యి ఉందనుకుంటూ తేలుతున్నాను. కళ్ళు తెరిస్తే ఆవిడ ఎక్కడో దూరంగా ఉంది.

వెళ్ళేముందు సంచిలోంచి పీచ్ పండ్లు తీసింది. ఒకటి నాకిచ్చి, దూరంగా గొడుగు కింద ఉన్న అక్కని చూపించి ఏదో అడిగింది. "సిస్టర్" అన్నాను. మొహాలు చూసి అప్పటికే పోల్చుకుందేమో, గట్టిగా తలూపి అక్కకోసం ఇంకోటి ఇచ్చింది. తీసుకెళ్ళి అక్కకిచ్చాను. కోపం కాస్త మెత్తబడింది కూడా. పక్కన కూర్చుందామనే వెళ్ళాను. అక్క ఆ పండు అందుకుని, "తీసుకోండాంటీ" అని అటు తిరిగి ఇచ్చేసింది.

పీసా

ఒరిగిన గోపురం గురించి అందరికీ తెలుసు కాబట్టి రాయను. దాన్ని చేత్తో ఆపుతున్నట్టు బావ, అంకుల్ ఇద్దరూ ఫోటోలు దిగారు. ఆ తర్వాత అంకుల్ బావ భుజంమీద చెయ్యేసి గడ్డిలో చాలాదూరం నడిపించుకెళ్ళారు. హోటల్‌కి వచ్చాక బావ తలుపేసి చెప్పాడు.

"వాళ్ళకి వద్దంట."

అక్క మంచంమీద కూలబడింది. "ఏమంట?"

"ఫోటోల్లో ఉన్నంత కలర్ లేదంట. ఎండకి ఇంత తొందరగా నల్లబడే స్కిన్ అయితే రేపు పిల్లలకీ వస్తుందని ఆవిడ అంటుందంట. ఆయన చాలా డీసెంట్‌గా చెప్పాడులే." బావ సీసాలో నీళ్ళు గటగటా తాగాడు. "ఒకరకంగా ఇదే మంచిదైంది. మనం కాదన్లా, వాళ్ళే కాదన్నారు. మన మీదికి రాదు."

అక్క నావైపు తిరిగింది. ఏదో ఒక మాట అంటుందని చూశాను. వాళ్ళని తిట్టక్కర్లేదు, నన్ను దగ్గరికి తీసుకోనూ అక్కర్లేదు. "పోతే పోయార్లే" అన్నా చాలు.

"ఆ రెండ్రోజులు నీడలో కూచుంటే నీ సొమ్మేం పోయేదే?" అంది.

నాకు అక్కర్లేని సంబంధం అది. వాళ్ళు వద్దనకపోతే నేనే వద్దని ఉండేదాన్ని. అయినా బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, కుళాయి తిప్పి ఏడ్చాను. వాళ్ళకి నేను నచ్చనందుకు కూడా ఏడ్చాను, దాచడమెందుకు. అద్దంలో మొహం చూసుకున్నాను. ముక్కుమీద చర్మం ఊడుతోంది.

ఎయిర్‌పోర్టులో ఆంటీ నన్ను కావలించుకుని, "మంచి పిల్లవమ్మా. పాట మాత్రం మానకు" అన్నారు. నిఖిల్ దూరంనుంచి చెయ్యి ఊపాడు. అక్కావాళ్ళు నెవార్క్‌కి, నేను శాన్‌ఫ్రాన్సిస్కోకి. అక్క నా జుట్టు సవరించి, చేరగానే మెసేజ్ పెట్టమంది. పెట్టాను.

సన్నీవేల్

మొన్న అక్క ఫోన్ చేసింది. పిల్లలు ఇండియా నుంచి వచ్చేశారట, చిన్నది నన్ను అడుగుతోందట. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, "థాంక్స్‌గివింగ్‌కి రావే. ఈసారి ఎక్కడికీ తిరగొద్దు. ఇంట్లోనే ఉందాం, నువ్వూ నేనూ" అంది.

రావాలనే ఉంది. టికెట్ల సంగతి చూస్తాననే అనబోయాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఇంకెవరొస్తున్నారు?"

వెనకాల కుక్కర్ విజిల్ వినబడింది.

"ఎవరూ రావట్లేదే," అంది చివరికి. "పిల్లల మీద ఒట్టు."

అక్క నాకెప్పుడూ ఒట్టేసి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఒట్టేసినా నమ్మకం కుదరకపోవడం నాకూ కొత్తే.

"ఆఫీసులో లీవ్ దొరకదక్కా" అన్నాను.

థాంక్స్‌గివింగ్‌కి ఆఫీసే ఉండదని ఇద్దరికీ తెలుసు.

"సర్లే, అయితే పనిచూసుకో" అని అక్క ఫోన్ పెట్టేసింది.